నాలుగో లెక్క దగ్గర

మయూర్ విహార్‌లోని మా పాత ఫ్లాటు ఖాళీ చేస్తున్నాం. నాన్నగారి మోకాళ్ళకీ ఆ ఇంటి మెట్లకీ పొసగడం మానేసి చాలా కాలమైంది. గ్రేటర్ నోయిడాలో నేనుండే చోట లిఫ్టు ఉంది కనక ఆయనా అమ్మా నా దగ్గరికి వచ్చేస్తున్నారు. లిఫ్టు కోసమే వస్తున్నాం తప్ప నీ కోసం కాదని ఇద్దరూ విడివిడిగా స్పష్టం చేశారు.

పాత చెక్క బీరువా తీసుకుపోవడానికి కబాడీవాలా వచ్చాడు. దాన్ని గోడ దగ్గర్నుంచి ఇవతలికి లాగి, పక్క చెక్క మీద వేలు పెట్టి, "సాబ్, ఇధర్ క్యా ఘిసా హై?" అని, ఇక్కడేం రాసుకుని అరిగిందో అడిగాడు. కూర్చున్న మనిషి ఛాతీ ఎత్తున, అరచెయ్యంత మేర పాలిష్ అరిగిపోయి లోపలి చెక్క తెల్లగా బయటపడి ఉంది.

"గిటార్" అన్నాను.

అతను నా బట్టతలనీ, పొట్టనీ వరసగా చూసి "అచ్ఛా" అన్నాడు. ఢిల్లీలో అచ్ఛాకి పది అర్థాలున్నాయి. ఇది, మీరంటున్నారు కాబట్టి సరే అనే అచ్ఛా.

నిజానికి నేనూ పూర్తి నిజం చెప్పలేదు. అది గిటార్ కాదు, బేస్ గిటార్. నాలుగే తీగలు, బట్టలారేసుకోవచ్చనిపించేంత లావువి. పాటలో అందరూ వినేది గిటారు. కింద ఉండి పాటని మోసేది బేసు. మోసేవాణ్ణి ఎవరూ చూడరు. ఈ సంగతి నేను నేర్చుకోవడం మొదలెట్టినప్పుడు ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే బహుశా ఇంకా ఇష్టంగా చేరేవాణ్ణి.

అప్పుడు నాకు పదహారేళ్ళు. మాది మొదటి అంతస్తు. నాన్నగారు ఎయిర్‌ఫోర్స్‌లో విమానాల రేడియోలు బాగుచేసి, రిటైరై, నోయిడాలో ఒక కంపెనీలో చేరారు. కాకినాడ నుంచి వచ్చిన నాన్నమ్మ మాతోనే ఉండేది. ఢిల్లీలో ఆవిడకి నచ్చినవి రెండే: చలికాలపు మెంతికూర, టీవీ సీరియళ్ళు. మూడో అంతస్తులో హైదరాబాదు వాళ్ళుండేవాళ్ళు. వాళ్ళబ్బాయి నా క్లాసే, నా బస్సే, నా బెంచీయే. పేరెందుకు, మూడో అంతస్తు అందాం. వాడు గిటారు వాయించేవాడు, పాడేవాడు, పాటలు కూడా రాసేవాడు. స్కూల్లో బెంగాలీ అమ్మాయి కీబోర్డు, సర్దార్ల అబ్బాయి డ్రమ్ములు. ఆ చలికాలం స్కూళ్ళ మధ్య జరిగే బ్యాండ్ల పోటీకి వెళ్ళాలని వాళ్ళ ఆశ. పోటీ నియమం ప్రకారం బ్యాండులో కనీసం నలుగురుండాలి. ఆ నాలుగో మనిషి కోసం వాడు రెండంతస్తులు దిగి మా ఇంటికొచ్చాడు.

"అరే, గిటార్ నేర్చుకునేటోళ్ళు గల్లీకి పదిమంది ఉన్నరు. బేస్ వాయించేటోడు ఒక్కడు లేడు. కాంపిటీషనే లేదు రా. చేరినవంటే సీటు పక్కా" అన్నాడు.

మా ఇంట్లో ఏ కోరికైనా నెగ్గాలంటే దాన్ని సీట్ల భాషలో పెట్టాలి. నాన్నగారు పేపరు దించి, "డిమాండుంది, అభ్యర్థుల్లేరు. బ్రాంచి మంచిదే" అన్నారు. సంగీతం గురించి మా ఇంట్లో జరిగిన చర్చ మొత్తం అంతే.

సెకండ్ హ్యాండ్ బేస్ వచ్చింది. నాన్నమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పించి చూసింది. "వీణకైనా ఏడు తీగలుంటాయి. దీనికి నాలుగేవిట్రా? పాతవాళ్ళు మూడు దాచేసుకున్నారేమో, మళ్ళీ అడిగి చూడండి."

నేర్పేవాడు కావాలన్నాను. నాన్నగారు అది వినడానికి కూడా ఇష్టపడలేదు. "టీచరెందుకు? మాన్యువల్ ఉంటే చాలు. మాన్యువల్ చదవకుండా విప్పినవాడికి బిగించేటప్పుడు స్క్రూలు మిగులుతాయి" అన్నారు. ఆదివారం దరియాగంజ్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల్లో రెండు గంటలు వెతికి మాన్యువల్ పట్టుకొచ్చారు. బేస్ గిటార్ స్వయంగా నేర్చుకునే పుస్తకం. అట్ట మీద మీసాల విదేశీయుడొకాయన బేసు ఎత్తుకుని నవ్వుతున్నాడు. వెనక అట్ట లోపల సీడీ పెట్టుకునే ప్లాస్టిక్ జేబుంది. సీడీ లేదు.

"సీడీ వింటూ చెయ్యాలని రాసి ఉంది నాన్నా."

"చదవడం వచ్చినవాడికి వినడమెందుకు?"

అమ్మ పుస్తకానికి నాలుగు మూలలా పసుపు రాసి, లోపల శ్రీరామ అని రాయించింది. అట్ట మీద విదేశీయుడికి నుదుట కుంకం బొట్టు పెట్టింది. ఆయన ముందునుంచీ నవ్వుతూనే ఉన్నాడు కాబట్టి అభ్యంతరం ఉన్నట్టు తోచలేదు.

ఆ వేసవి సెలవులు నేను మనుషుల్లో లేను, పేజీల్లో ఉన్నాను. మొదటి పేజీలోనే ఆ విదేశీయుడు హెచ్చరించాడు: ఒక పేజీ పూర్తిగా వచ్చేదాకా తరవాతి పేజీ తిప్పవద్దు. అలాంటి మాట కోసమే మా నాన్నగారు జీవితమంతా ఎదురుచూశారు. ప్రతి ఆదివారం టిఫినయ్యాక ఎర్రపెన్సిల్ తీసుకుని కూర్చునేవారు.

"పేజీ?"

"ఇరవై రెండు."

"వాయించు."

వాయించేవాణ్ణి. ఆయన తల వంచి, విమానం రేడియోలో గరగర ఎక్కడుందో వెతికినట్టు వినేవారు. చివర్న పేజీ మూల టిక్కు పెట్టి పుస్తకం నా చేతికిచ్చేవారు. అంతకు మించి మాట్లాడేవారు కాదు. ఆ టిక్కుల కోసం నేను క్రికెట్ మానేశాను, పతంగులు మానేశాను, ఆఖరికి మధ్యాహ్నం నిద్ర కూడా మానేశాను. వేళ్ళు బొబ్బలెక్కాయి, చితికాయి, గట్టిపడ్డాయి. అమ్మ నా చెయ్యి పట్టుకుని, "పొయ్యి దగ్గర నేను ఇరవయ్యేళ్ళలో సంపాదించింది వీడు రెండు నెలల్లో సంపాదించాడు" అంది.

యాంప్లిఫయరు లేదు. పేజీలన్నీ అయ్యాక చూద్దామన్నారు. యాంప్లిఫయరు లేని బేసు, మూతికి గుడ్డ కట్టుకున్నవాడు మాట్లాడినట్టుంటుంది. దానికి తోడు వేసవిలో మా కూలర్. తడిసిన గడ్డి వాసన, చల్లగాలి, లారీ స్టార్టు చేసినంత చప్పుడు, మూడూ కలిపి ఇచ్చేది. ఒకరోజు ఆ చప్పుడుకి విసిగి పక్కకి జరిగితే బేసు ఒంటికి పైన పొడుచుకొచ్చిన కొమ్ము చెక్క బీరువాకి ఆనింది. తీగ మీటాను. బీరువా మొత్తం పలికింది. నా పక్కటెముకల్లోంచి చెక్కలోకి, చెక్కలోంచి లోపలి స్టీలు సామానులోకి పాకింది ఆ మోత. అప్పటినుంచీ బీరువాయే నా యాంప్లిఫయరు. చెవితో వినడం కన్నా ఎముకతో వినడం అలవాటైంది.

ఇంట్లోవాళ్ళకీ అలవాటైంది. ఒక్కో తీగకి ఒక్కో సామాను మోగేది. అమ్మ వంటింట్లోంచే, "ఇవాళ లావు తీగ మీదున్నావా? టిఫిన్ డబ్బాలు వణుకుతున్నాయి" అనేది. నాన్నమ్మ సీరియల్లో అత్తగారు నోరు తెరిచే సమయం చూసి నేను లావు తీగ మీటేవాణ్ణి. గ్లాసులన్నీ గొల్లుమనేవి. "చూశావుటే, గ్లాసులక్కూడా దానిమీద కోపమే" అనేది నాన్నమ్మ. ఎవరి పనో ఆవిడకి తెలీదనుకునేవాణ్ణి. తెలుసని ఇప్పుడనిపిస్తుంది.

ఒక్క ఇబ్బంది ఉండేది. తొమ్మిదో పేజీలో విదేశీయుడు, ఒకటి రెండు మూడు నాలుగు అని లెక్కపెడుతూ ప్రతి లెక్కకీ పాదంతో నేల తట్టమన్నాడు. ఇది మానితే తరవాతి పేజీలన్నీ వృథా అని లావు అక్షరాల్లో రాశాడు కూడా. మొదటిరోజు పాదం ఆడించాను. రెండో లెక్కకే పక్కగదిలోంచి, "ఎవర్రా కాళ్ళూపుతున్నది? సాయంత్రంపూట కూచుని కాళ్ళూపితే లక్ష్మి గుమ్మం దాకా వచ్చి వెనక్కి పోతుంది" అని నాన్నమ్మ గొంతు. మా ఇంట్లో ఆ మాటకి తిరుగు లేదు. ఊపిన కాలి మీద దెబ్బలు తిని పెరిగినవాణ్ణి. అందుచేత నేను విదేశీయుడికీ నాన్నమ్మకీ మధ్య రాజీ కుదిర్చాను. పాదం కదపకుండా బొటనవేలు మాత్రం రహస్యంగా ముడిచేవాణ్ణి. లక్ష్మికి కనపడదు, లెక్కా తప్పదు. ఎంత తెలివైనవాణ్ణో అనుకున్నాను.

స్కూళ్ళు తెరిచారు. సాయంత్రాలు మూడో అంతస్తులో సాధన. వాళ్ళింట్లో ఒకటే చిన్న యాంప్లిఫయరు, అది వాడి గిటారుకి. నేను వాళ్ళ తలుపుకి ఆనించుకుని వాయించేవాణ్ణి. ఆంటీ టీలో ముంచుకోమని హైదరాబాదు బిస్కట్లు పెట్టేది. "మంచిగ నేర్చుకుంటున్నవు బిడ్డా. మావాడు చూడు, ఒక్క పేజీ చదవడు" అనేది. వాడు నవ్వేవాడు. అలా నవ్వినప్పుడు వాడికోసం ఏదైనా చెయ్యొచ్చనిపించేది. వాడికి నేను కావాలి. పదహారేళ్ళదాకా నేను ఎవరికీ ప్రత్యేకంగా కావలసిరాలేదు. ఇంట్లోవాళ్ళకి కావాలి గానీ, వాళ్ళకి వేరే దారి లేదు.

మొదటి రౌండు మా స్కూల్లోనే జరిగింది. అక్కడే మొదటిసారి నా బేసుని నిజమైన యాంప్లిఫయరుకి తగిలించారు. హాలంతా నా మోత. ఎవరో పెద్దాయన నా వెనక నిలబడి నా మాటలు నాకే చెబుతున్నట్టుంది. పాట మధ్యలో మూడో అంతస్తు రెండుసార్లు వెనక్కి తిరిగి నన్ను చూశాడు. మెచ్చుకుంటున్నాడనుకున్నాను. ఫైనల్‌కి ఎంపికైన ఆరు స్కూళ్ళలో మాది ఆరోది.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో వాడు కిటికీలోంచి చూస్తూ కూచున్నాడు. వేరుశెనక్కాయల పొట్లం నా చేతిలోనే చల్లారిపోయింది.

"నేనెలా వాయించాను?" అన్నాను.

"సూపర్ రా" అన్నాడు. కిటికీ వైపే చూస్తూ, "నువ్వు లేకుంటే మన బ్యాండే లేదు" అన్నాడు.

ఆ మాట ఇంటికి తీసుకొచ్చి అందరికీ చెప్పాను. నాన్నమ్మ ఫోన్లో కాకినాడ దాకా చెప్పింది.

తరవాతి వారాల్లో కీబోర్డు అమ్మాయి ఎడమచేత్తో కింది స్వరాలు తెగ సాధన చేసేది. ఎందుకని అడిగితే, తలెత్తకుండా "ఎక్సర్‌సైజ్" అంది. నేను పుస్తకం మనిషిని. ఎక్సర్‌సైజుల పట్ల గౌరవం ఉన్నవాణ్ణి. శ్రద్ధ ఉంది ఈ పిల్లకి అని మనసులో మెచ్చుకున్నాను.

ఫైనల్ దక్షిణ ఢిల్లీలో ఒక పెద్ద ఆడిటోరియంలో. జనవరి చలి, పొగమంచు, మఫ్లర్లలో తల్లిదండ్రులు. నాన్నగారికి డ్యూటీ పడింది, మావాళ్ళెవరూ రాలేకపోయారు. మూడో అంతస్తు వాళ్ళ నాన్న మాత్రం వీడియో కెమెరాతో ముందు వరసలో కూచున్నారు. వేదిక మీద నా వెనక యాంప్లిఫయరు లేదు. బేసు వైరు తీసుకెళ్ళి నేల మీదున్న ఒక నల్లటి పెట్టెకి తగిలించారు. "భయ్యా, లైన్ చాలూ హై?" అని, నా లైను పనిచేస్తోందో లేదో సౌండతన్ని అడిగాను. అతను నా వైపు కాకుండా మూడో అంతస్తు వైపు చూసి, "సబ్ సెట్ హై" అన్నాడు.

పాట మొదలైంది. వాడే రాసిన పాట. మొదటి స్వరం మీటగానే వేదిక చెక్కలు నా బూట్ల కింద పలికాయి. ఆ మోత మడమల్లోంచి మోకాళ్ళకి, నడుముకి ఎక్కింది. ఎముకతో వినడం నాకు తెలిసిన పద్ధతే కదా. మా బీరువా పదింతలై నా కాళ్ళకింద పరుచుకున్నట్టుంది. చీకట్లో నాన్నమ్మ లేదు, లక్ష్మి లేదు. నాకు తెలీకుండానే పాదం లేచింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. బూటుతో దడదడా తట్టాను, చిన్నప్పటి బాకీలన్నీ తీర్చుకున్నట్టు. నా కాలూ నా చెయ్యీ నేలలోని మోతా ఒకటైపోయాయి. ఒకచోట భుజం పట్టీ ఊడి బేసు జారింది. రెండు చేతులా పట్టుకుని తగిలించుకున్నాను. మళ్ళీ అందుకున్నాను. ఎవరూ గమనించలేదు. అంత సంతోషంగా నేను అంతకుముందు లేను. తరవాత ఉన్నానా అంటే, పెళ్ళిఫోటోలు చూసి చెప్పాలి.

రెండో బహుమతి వచ్చింది. సర్టిఫికెట్లు సోమవారం మా స్కూలు అసెంబ్లీలో ఇస్తామన్నారు.

ఆదివారం వీడియో చూడ్డానికి అందరూ మా ఇంట్లో చేరారు. మా టీవీ పెద్దది. అమ్మ పెసరట్లు వేసింది. ఆంటీ డబల్ కా మీఠా పట్టుకొచ్చింది. మూడో అంతస్తు నా పక్కనే, మోకాలు మోకాలికి తగిలేలా కూచున్నాడు. కెమెరా దాదాపు పాట పొడుగునా వాడి మీదే ఉంది. ఎవరి కెమెరా వాళ్ళ కొడుకుని చూపించడంలో తప్పు లేదు. మధ్యలో వాడు నా పక్కకి వచ్చి నిలబడ్డప్పుడు మాత్రం నేనూ కనిపించాను. సరిగ్గా అప్పుడే పట్టీ జారింది.

"ఆపు" అన్నారు నాన్నగారు. "వెనక్కి తిప్పు."

తిప్పాను. పట్టీ జారింది, రెండు చేతులూ బేసుని పట్టుకున్నాయి. బేసు మోత మాత్రం ఆగలేదు.

"మళ్ళీ తిప్పు."

మళ్ళీ అంతే. ఆయన పెసరట్టు పళ్ళెం కింద పెట్టి, ఎవరినీ తప్పుపట్టని గొంతుతో, పాడైన రేడియో ముందు కూచున్న మెకానిక్‌లా అడిగారు: "నీ రెండు చేతులూ ఇక్కడున్నాయి. సిగ్నల్ ఎక్కణ్ణుంచి వస్తోందిరా?"

"రికార్డింగ్‌లో ఏదో..." అన్నాను నేను.

"ఏం బాబూ?" అని ఆయన మూడో అంతస్తుని అడిగారు, నిజంగానే తెలుసుకోవాలని.

"సౌండ్ సిస్టమ్ అంకుల్... ఇకో ఉంటది కదా" అన్నాడు వాడు. నా మోకాలికి తగులుతున్న మోకాలు పక్కకి జరిగింది. నాకు తెలియడానికి అది చాలింది.

మెట్ల మీదికి పిలిచాను. వచ్చాడు. కిందింటివాళ్ళు రాజ్మాకి తిరగమోత వేసినట్టున్నారు, మెట్లంతా వాసన.

"పట్టీ జారినప్పుడు ఎవరు వాయించారు?"

"అది కాదు రా..."

"ఎవరు?"

"ఆమె. కీబోర్డు మీద, ఎడమచేత్తో" అన్నాడు. తరవాత, అడక్కుండానే, "పాట మొత్తం ఆమెనే. నీ లైన్ బంద్ పెట్టమని సౌండ్ భయ్యాకి నేనే చెప్పిన" అన్నాడు.

"వైరు పీకేశారన్నమాట."

"పీకలే యార్. వాల్యూమ్ తగ్గించినం, గంతే."

"ఎందుకు?"

"ఫస్ట్ రౌండ్‌ల జడ్జి ఏమన్నడో తెల్సా? మీ బేస్ పిలగాడు నాలుగో లెక్క కాడ ప్రతిసారి లేటొస్తున్నడు, వాణ్ణి మార్చుండ్రి అన్నడు."

"మార్చాల్సింది."

"ఎవర్ని పెట్టాలె? నలుగురు లేకుంటే స్టేజే ఎక్కనియ్యరు. అదీగాక నువ్వు బాధపడ్తవని."

"నాకు చెప్తే దిద్దుకునేవాణ్ణి కదరా."

"చెప్తే నువ్వు మళ్ళ పుస్తకం ఒకటో పేజీ నుంచి షురూ చేస్తవు. టైం ఏడుంది?"

ఇందులో అన్యాయమేమిటంటే, నిజంగానే అలాగే చేసేవాణ్ణి. నేను అంత బాగా తెలిసినవాడే ఈ పని కూడా చెయ్యాలా? తిట్టడానికి మాట కోసం వెతుక్కున్నాను. దొరకలేదు. ఇంట్లో తెలుగు, స్కూల్లో ఇంగ్లీషు, వీధిలో హిందీ ఉన్నవాడికి అవసరానికి ఒక్క భాషా అందదు. వాడు పైకి పోయాడు. నేను లోపలికొచ్చాను.

అతిథులు వెళ్ళిపోయాక అడిగాను. "నేను నాలుగో లెక్క దగ్గర ఆగుతానా?"

అమ్మ నాన్నగారి వైపు చూసింది. నాన్నగారు ఎర్రపెన్సిల్ వైపు చూశారు. నాన్నమ్మ మాత్రం, "నాకు సంగీతం తెలీదు నాయనా. కానీ చెయ్యి పైకి జరిపినప్పుడల్లా అక్కడ ఒక గుటక మింగుతావు. గ్లాసులు కూడా ఆగి మోగుతాయి" అంది.

"నీకూ తెలుసా అమ్మా?"

"తిరగమోతలో ఆవాలు ఎప్పుడు చిటపటమంటాయో తెలీదా? అలాగే" అంది అమ్మ, తలొంచుకుని.

"నాన్నా, మరి టిక్కులు పెట్టారే."

ఆయన పెన్సిల్ అందుకుని మళ్ళీ కింద పెట్టారు. "మాన్యువల్‌లో ముందు ఎక్కడో ఉంటుంది, దానంతటదే సర్దుకుంటుందనుకున్నాను" అన్నారు. జీవితంలో మొదటిసారి ఆయన గొంతులో గరగర విన్నాను.

నేను పుస్తకం తెచ్చి తొమ్మిదో పేజీ తీసి చూపించాను. పాదంతో నేల తట్టాలి, మానితే తరవాతివన్నీ వృథా. "నాన్నమ్మ వద్దందిగా" అన్నాను. ఏడుస్తున్నానని అప్పుడు తెలిసింది.

నాన్నమ్మ నిర్ఘాంతపోయింది. "కాళ్ళూపొద్దన్నాను గానీ తాళం వెయ్యొద్దన్నానా? ఊరికే ఊపడం వేరు, తాళం వేసుకోవడం వేరు. మా నాన్న హరికథ వింటూ అరుగు పగిలేలా తొక్కేవాడు. ఒక్కసారి నన్నడిగితే నీ నోటి ముత్యాలు రాలేవిట్రా!"

నిజమే. వేసవి నుంచి చలికాలం దాకా ఆ ఇంట్లో ఒకరినొకరు అడగని మాటలే అన్నీ. అడగాల్సింది నేనడగలేదు, చెప్పాల్సింది వాళ్ళు చెప్పలేదు. మూడో అంతస్తు చేసింది మోసం. మావాళ్ళు చేసింది ప్రేమ. రెండూ ఒక్కలాగే, నాకు వినపడకుండా జరిగాయి.

సోమవారం పొద్దున బస్సులో వాడు నా ముందుకొచ్చి నిలబడ్డాడు. "స్టేజీ మీదికి వస్తవు గదా? నలుగురం లేకుంటే ప్రైజ్ క్యాన్సిల్ చేస్తరు" అన్నాడు. వాడి కళ్ళకింద నలుపు. వాయించింది నేను కాదని మైకు దగ్గర చెప్పెయ్యడానికి రెండు వాక్యాలు ఇంగ్లీషులో తయారుచేసుకునే ఉన్నాను. వ్యాకరణం కూడా సరిచూసుకున్నాను.

అసెంబ్లీలో పేర్లు పిలిచారు. వెళుతుంటే కీబోర్డు అమ్మాయి నా పక్కకొచ్చి, పెదాలు కదపకుండా "సారీ" అంది. ముఖ్య అతిథి నా సర్టిఫికెట్ చదివి, "ఓహ్, బేస్! బహుత్ జరూరీ చీజ్ హై బేటా. ఎవరికీ వినపడదు, కానీ అది లేకపోతే పాటే ఉండదు" అని నా భుజం తట్టాడు. పన్నెండు వందలమంది పిల్లలు చప్పట్లు కొట్టారు. మైకు అడుగు దూరంలో ఉంది.

"థాంక్యూ సర్" అన్నాను.

అమ్మ ఆ సర్టిఫికెట్‌కి ప్లాస్టిక్ తొడుగు వేయించింది. నాన్నగారు డ్రిల్లు పెట్టి, రసమట్టంతో సరిచూసి, ముందుగదిలో తగిలించారు. వచ్చినవాళ్ళు మెచ్చుకున్నప్పుడల్లా ఆ గదిలో మేం నలుగురం నాలుగు వేరే వస్తువుల్ని చూసేవాళ్ళం. ఆ తరవాతి ఆదివారం ఆయన "పేజీ?" అనలేదు. నేనూ తియ్యలేదు.

మూడో అంతస్తు ఇప్పుడు హైదరాబాదులో ఉన్నాడు. కొత్త సంవత్సరానికి మెసేజి పెడతాడు. ఒకసారి ఫోన్లో, "నా మీద కోపం ఉందా రా ఇంకా?" అని అడిగాడు. లేదన్నాను. అది పూర్తిగా అబద్ధం కాదు. వాడు నా స్థానం తీసేసుకుంటే ఈపాటికి మరిచిపోయేవాణ్ణి. స్థానం ఉంచి, చప్పుడు తీసేశాడు.

ఆ వీడియో నేను తరవాత చాలాసార్లు చూశాను. పట్టీ జారిన ఆ కాసేపు తప్ప నా చేతులు ఎక్కడా కనపడవు. ఉన్నంతలో ఒక మూల నా బూటు కనిపిస్తుంది, లేస్తూ, పడుతూ. అది వేళ తప్పలేదు. ఎన్నిసార్లు లెక్కపెట్టినా సరిగ్గా నాలుగు దగ్గరే పడుతోంది. పాదం అంత నికరంగా ఉంటే చెయ్యి కూడా ఉండే ఉంటుంది. లేకపోయినా లేకపోవచ్చు. నా జీవితంలో ఆ బేసుని నేను తప్పులేకుండా వాయించిన రోజంటూ ఉంటే అది ఆ రోజే. కనుక్కుందామంటే విన్నవాళ్ళు ఒక్కరూ లేరు, నాతో సహా.